కర్నూల్లో ఉంటూ తెరచాప పడవ నేర్చుకోవడం ఎట్లా: 30 దాటినోళ్లకి మొదటి నుంచి

పొద్దున ఈతకొలను దగ్గర, ఆఫీసులో, పెళ్లిళ్లలో కలిసినోళ్లంతా ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మన పక్క సముద్రమే లేదు, నీకు చూస్తే 40 దాటినాయి, సెయిలింగ్ ఎట్లా నేర్చుకున్నావు, మేం నేర్చుకోవచ్చా?" నేర్చుకోవచ్చు. ఒక్కొక్కరికి ఫోన్లో సగం సగం చెప్పే బదులు వరస తప్పకుండా మొత్తం రాస్తున్నా.

ఒకటి మాత్రం ముందే చెప్తా. క్లాసుకి పోయిన పెద్దోళ్లు చాలామంది అక్కడ గాలి ఎటునుంచి వస్తాందో తెలీక, తాడు ఏ చేతిలో పట్టుకోవాలో తెలీక మొదటి రెండు రోజులూ పోగొట్టుకుంటారు, నేనూ పోగొట్టుకున్నా. ఆ రెండూ మన ఇంటి మిద్దె మీదే నేర్చుకోవచ్చు. నీళ్ల కోసమే ఊరు దాటాల, గాలి కోసం అక్కర్లేదు. అందుకే ఈ గైడ్‌లో సగం నేల మీద చేయాల్సిన పనే ఉంటాది, దాన్ని దాటేసి బోటు దగ్గరికి పోవద్దు.

1. ముందు ఈత

లైఫ్ జాకెట్ ఉంటాది గదా, ఈత ఎందుకు అంటారు కొందరు. జాకెట్ మిమ్మల్ని తేలుస్తాది, భయాన్ని తేల్చలేదు. బోటు బోల్తా పడినప్పుడు మునిగి లేచి ఊపిరి తీసుకొని నిమ్మళంగా ఆలోచించాల, అది ఈత రానోళ్లకి కష్టం.

ఛాంపియన్ అవ్వాల్సిన పని లేదు. ఇవి వస్తే చాలు:

- ఆగకుండా 50 మీటర్లు, ఎంత మెల్లగా అయినా సరే
- కాళ్లు అందని చోట 5 నిమిషాలు తేలుతా ఉండడం
- టీషర్టు, ప్యాంటుతో నీళ్లలోకి దిగి 10 నిమిషాలు ఈదడం
- ముక్కు పట్టుకోకుండా తల ముంచి, లేచి, వెంటనే ఊపిరి అందుకోవడం

మూడోదాన్ని ఎవ్వరూ చేయరు. తడి బట్టలు ఎంత బరువుగా లాగుతాయో తెలిసేది దాంతోనే. కొలనులో బట్టలతో దిగనివ్వకపోతే కోచ్‌కి విషయం చెప్పి పర్మిషన్ తీసుకోండి. అసలు ఈత రానోళ్లు సెయిలింగ్‌కి ముందు రెండు మూడు నెలలు దీనికే ఇవ్వండి. గుండె, ఫిట్స్, భుజం జారడం లాంటివి ఉంటే డాక్టర్ని అడిగి, నేర్పే ఆయనకి కూడా ముందే చెప్పాల, దాచొద్దు.

2. ఇంట్లోవాళ్లతో మాట్లాడడం

ఇది చిన్న విషయం కాదు. 2009 అక్టోబర్ వరదలో కర్నూలు మునగడం చూసినోళ్లు మన ఇళ్లల్లో ఉన్నారు. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది టీవీలో చూసి, పడవ అనే మాట ఎత్తితేనే మా అమ్మ అన్నం తినేది వదిలేసింది.

వాదించొద్దు. జాకెట్ ఇంటికి తెచ్చి వేసుకొని చూపించండి. ఇది ప్రవాహం ఉండే నదిలో కాదు, చెరువులో అని, పక్కనే మోటారు రెస్క్యూ బోటు ఉంటాదని చెప్పండి. కుదిరితే ఒకసారి వాళ్లని తీసుకపోయి ఒడ్డున కూర్చోబెట్టండి. మా అమ్మ ఒకరోజు చూసినాక జాకెట్ క్లిప్పులు తనే సరిచూసి పంపడం మొదలుపెట్టింది.

3. గాలి చదవడం, మిద్దె మీద 3 వారాలు

అన్నిటికంటే పెద్ద పాఠం ఇదే, ఇక్కడ తొందరపడొద్దు.

మిద్దె మీద ఒక కట్టెకి పాత చీర అంచు, మూర పొడవు పేలిక కట్టండి. పొద్దున 7కి, మధ్యాహ్నం, సాయంత్రం 5కి, రోజుకి మూడుసార్లు చూసి, గాలి ఎటునుంచి వస్తాందో ఒక నోటుబుక్కులో రాయండి. ఎటు పోతాందో కాదు, ఎటునుంచి వస్తాందో. పడమటి గాలి అంటే పడమట నుంచి వచ్చేది. ఈ ఒక్కటి తిరగబడి ఉంటే బోటులో అన్నీ తిరగబడతాయి.

తర్వాత పేలిక చూడకుండా చెప్పడం. కళ్లు మూసుకొని తలని మెల్లగా అటూ ఇటూ తిప్పండి, రెండు చెవుల్లో గాలి శబ్దం సమానంగా వినిపించినప్పుడు గాలి నేరుగా మొహానికి వస్తాందని లెక్క. మెడ వెనక, చెంప మీద ఎట్లా తగుల్తాందో గుర్తుపెట్టుకోండి. కళ్లు తెరిచి పేలికతో సరిచూసుకోండి. వారం రోజుల్లో అలవాటైపోతాది.

వేగం అంచనా వేయడానికి మన ఊరి గుర్తులే చాలు. గాలి వేగాన్ని నాట్స్‌లో చెప్తారు, ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు.

- వేపాకులు గలగలమంటున్నాయి, మొహానికి గాలి తెలుస్తాంది: 4 నుంచి 6 నాట్స్. మొదటి రోజుకి బాగుంటాది
- ఆకులు, చిన్న రెమ్మలు ఆగకుండా ఊగుతున్నాయి: 7 నుంచి 10. నేర్చుకోడానికి ఇదే మంచి గాలి
- దుమ్ము లేస్తాంది, కాగితాలు ఎగురుతున్నాయి: 11 నుంచి 16. కొత్తోళ్లు నేర్పే ఆయన పక్కన ఉంటేనే దిగాల
- చిన్న చెట్లు మొత్తం ఊగుతున్నాయి: 17 దాటింది. ఒడ్డున కూర్చొని చూడండి

గాలి వేగం రెండింతలైతే అది తెరచాపని తోసే బలం నాలుగింతలు అవుతాది. 5 నాట్స్‌లో బాగా నడిపినాం కాబట్టి 10లో కూడా అంతే అనుకోవడం కొత్తోళ్లు చేసే పెద్ద తప్పు.

గాలి ఒకే తీరుగా రాదు, తెరలు తెరలుగా వస్తాది. ఇది మా అవ్వకి బాగా తెలుసు. కళ్లంలో కొర్రలు తూర్పారబట్టేటప్పుడు చాట ఎత్తి పట్టుకొని ఆగేది, తెర అందుకోగానే పోసేది, తగ్గగానే చాట నిలిపేది. బోటులో కూడా అదే పని, చాట బదులు తాడు. చెరువు మీద ఆ తెర కనిపిస్తాది కూడా, నీళ్ల మీద నల్లటి మచ్చ మాదిరి గరుకుగా మీ వైపు పాక్కుంటా వస్తాది. ఆ మచ్చ మీ దగ్గరికి రాకముందే రెడీ కావాల.

సీజన్ కూడా చూసుకోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మన సీమలో పడమటి గాలి గట్టిగా వీస్తాది, అనంతపురం పక్క రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. హుస్సేన్ సాగర్‌లో కూడా అప్పుడే గాలి బాగుంటాది, పోటీలు పెట్టేది కూడా వానాకాలంలోనే. చలికాలంలో తూర్పు గాలి, మెత్తగా ఉంటాది, పెద్దోళ్లు మొదలుపెట్టడానికి అదే నయం. ఏప్రిల్, మే సాయంత్రాలు మాత్రం నమ్మొద్దు, గాలి ఆగిపోయి ఉక్కపోసి ఒక్కసారిగా గాలివాన వస్తాది.

4. తాళ్లు, ముడులు

హార్డ్‌వేర్ షాపులో 8 మిల్లీమీటర్ల నైలాన్ తాడు 3 మీటర్లు తెచ్చుకోండి. మూడు ముడులు చాలు.

ఎనిమిది ముడి, అంటే 8 అంకె మాదిరి కనిపించే ముడి: తాడు కొస కప్పీలోంచి జారిపోకుండా ఆపేది. బౌలైన్: బిగుసుకోని ఉచ్చు, ఎద్దు మెడకి వేసే పగ్గం బిగుసుకోకూడదు గదా, అదే అవసరం, ఎంత లాగినా ఉచ్చు సైజు మారదు, పని అయినాక సులభంగా విప్పుకోవచ్చు. మూడోది, స్తంభానికి రెండు చుట్లు తిప్పి రెండు అరముడులు వేయడం, బోటుని ఒడ్డున కట్టేయడానికి.

టీవీ చూస్తా వేయండి, తర్వాత లైటు తీసేసి వేయండి, తర్వాత చేతులు తడుపుకొని వేయండి. చీకట్లో బౌలైన్ 10 సెకన్లలో వస్తే మీకు వచ్చినట్టే.

5. కుర్చీ మీద బోటు

నవ్వుకోవద్దు, నాకు బాగా పనికొచ్చింది ఇదే. నాలుగు అడుగుల ఎడంతో రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుగా వేయండి, అవి బోటు రెండు అంచులు. చీపురు కట్టె ఒకటి టిల్లర్, అంటే చుక్కానిని తిప్పే కర్ర. తలుపు గడియకి కట్టిన తాడు మెయిన్‌షీట్, అంటే తెరచాపని లాగి వదిలే తాడు.

గుర్తుపెట్టుకోవాల్సినవి:

- ఎప్పుడూ గాలి వచ్చే వైపు అంచు మీద కూర్చోవాల, మొహం తెరచాప వైపు
- టిల్లర్ వెనక చేతిలో, తాడు ముందు చేతిలో
- టిల్లర్ ఎటు తోస్తే బోటు ముక్కు దానికి ఎదురు వైపు తిరుగుతాది

మూడోది స్కూటర్ హ్యాండిల్ అలవాటు ఉన్న మనకి భలే కష్టం. బోటు కుడికి తిరగాలంటే టిల్లర్ ఎడమకి పోవాల. కుర్చీలో కూర్చొని పక్కనోళ్లని "కుడి", "ఎడమ" అని అరవమని చెప్పి, ఆలోచించకుండా చేయి కదిలేదాకా చేయండి. రోజుకి 10 నిమిషాలు, రెండు వారాలు.

6. ఎదురుగాలిని అర్థం చేసుకోవడం

మిద్దె మీద గాలికి ఎదురుగా నిలబడి రెండు చేతులూ ముందుకి చాపి, ఒక్కొక్క చేతిని 45 డిగ్రీలు పక్కకి తెరవండి. మీ రెండు చేతుల మధ్య ఉన్న ఆ మూల వైపు ఏ తెరచాప పడవా నేరుగా పోలేదు. అటు తిప్పితే తెరచాప టపటపా కొట్టుకుంటాది, బోటు ఆగిపోతాది.

మరి గాలి వచ్చే వైపు ఎట్లా పోవాల? తిరుమల ఘాట్ రోడ్డు కొండని నేరుగా ఎక్కదు గదా, మలుపులు తిరుగుతా ఎక్కుతాది. అట్లానే కొంతసేపు ఈ 45 డిగ్రీల మీద, మళ్లీ మలుపు తిరిగి ఆ 45 డిగ్రీల మీద. మిద్దె మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఇట్లా వంకరటింకరగా నడిచి చూడండి, పుస్తకంలో బొమ్మ చూసినదానికంటే తొందరగా బుర్రకెక్కుతాది.

7. ఎక్కడికి పోవాల, ఫోన్లో ఏం అడగాల

కర్నూలు నుంచి హైదరాబాద్ దగ్గర, 210 కిలోమీటర్ల పైచిలుకు. హుస్సేన్ సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, సెకందరాబాద్ సెయిలింగ్ క్లబ్ ఉన్నాయి. కడప వాళ్లకి చెన్నై వీలుగా ఉంటాది, కానీ అక్కడ సముద్రపు నీళ్లు, మొదటిసారికి చెరువే నయం అని నా అభిప్రాయం.

ఫోన్ చేసి ఇవి అడగండి:

- పెద్దోళ్ల బ్యాచ్ ఉందా, ఒక్కరు ఎంతమందికి నేర్పుతారు
- మేం నీళ్ల మీద ఉన్నంతసేపూ రెస్క్యూ బోటు కూడా నీళ్ల మీదే ఉంటాదా
- బోల్తా ప్రాక్టీస్ చేయిస్తారా
- నా బరువు ఇంత, ఏ బోటు ఇస్తారు
- గాలి లేకపోతే క్లాసు వేరే రోజుకి మారుస్తారా
- బట్టలు మార్చుకునే గది ఉందా, ఆడవాళ్లకి వేరే ఉందా

మూడోదానికి "మా దగ్గర బోల్తా పడవులే" అన్నారంటే ఇంకోచోటు చూసుకోండి. చిన్న బోట్లన్నీ బోల్తా పడతాయి.

ఆప్టిమిస్ట్ అనే 2.3 మీటర్ల బోటు పిల్లలకి, అందులో మిమ్మల్ని కూర్చోబెడితే మోకాళ్లు గడ్డానికి తగుల్తాయి. పెద్దోళ్లకి ఇద్దరు కూర్చునే బోటులో మొదలుపెట్టి తర్వాత లేజర్‌కి పోవడం మంచిది. లేజర్ 4.2 మీటర్లు, ఒక్కరే నడిపేది. దాని తెరచాప మూడు సైజుల్లో వస్తాది, సుమారు 4.7, 5.7, 7 చదరపు మీటర్లు. బరువు ఎంతైనా సరే మొదట్లో చిన్నదే అడగండి.

ఇంకో మాట. సుంకేసుల, గాజులదిన్నె, అవుకు, గండికోట, శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఇవన్నీ దగ్గర్లోనే ఉన్నాయి, సొంతంగా బోటు కొనుక్కొని దిగొచ్చు గదా అని అడిగేవాళ్లున్నారు. నేర్చుకునే దశలో వద్దు, గట్టిగా చెప్తున్నా. గేట్ల దగ్గర ప్రవాహం లాగుతాది, జాలర్ల వలలు ఉంటాయి, ఇరిగేషన్ వాళ్ల పర్మిషన్ లేకుండా దిగకూడదు, మీరు బోల్తా పడితే వచ్చేదానికి రెస్క్యూ బోటు ఉండదు. శ్రీశైలం వెనక నీళ్లలో సంగమేశ్వరం గుడే మునిగి తేలుతాది, కింద ఇంకెన్ని గోడలు, మోడులు ఉన్నాయో పైనుంచి కనపడదు. గండికోట లోయలో కొండలకి కొట్టుకొని గాలి దిక్కు మారతా ఉంటాది. తుంగభద్రలో పుట్టి నడిపే జాలరిని చూసి నీళ్లు నేర్చుకోండి, బోటు మాత్రం క్లబ్‌లోనే.

8. బ్యాగు

- పొడుగు చేతుల పాలిస్టర్ టీషర్టు, నిక్కరు లేదా ట్రాక్ ప్యాంటు. జీన్స్ వద్దు
- పాత కాన్వాస్ బూట్లు, చెప్పులు పనికిరావు
- తాడు కట్టిన టోపీ, కళ్లద్దాలకి వెనక తాడు
- సన్‌స్క్రీన్, నీళ్లు 2 లీటర్లు, ఉప్పు చక్కెర ప్యాకెట్లు
- చేతి గ్లౌజులు, లేకపోతే మొదటిరోజే అరచేతులు బొబ్బలెక్కుతాయి
- గాయాలకి నీళ్లు పోని ప్లాస్టర్, సబ్బు, తువ్వాలు, ఇంకో జత బట్టలు

హుస్సేన్ సాగర్ నీళ్లు శుభ్రం కాదు. గాయం ఉంటే ప్లాస్టర్ వేసుకోండి, పడేటప్పుడు నోరు మూసుకోండి, బయటికి రాగానే సబ్బుతో స్నానం చేయండి. ఉంగరాలు, మెడలో గొలుసు ఇంట్లో పెట్టి పోండి, తాడులో ఇరుక్కుంటే వేలు పోతాది.

లైఫ్ జాకెట్ వేసుకొని అన్ని క్లిప్పులూ బిగించినాక, ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగమనండి. గడ్డం దాటి చెవుల దాకా లేస్తే అది మీ సైజు కాదు, మార్చమని అడగండి, మొహమాటపడొద్దు.

9. ఒడ్డున, దిగే ముందు

తెరచాప ఎక్కించేటప్పుడు బోటు ముక్కు ఎప్పుడూ గాలి వచ్చే వైపే ఉండాల. పక్కకి ఉంటే ఒడ్డునే పడిపోతాది, మనుషులకి తగుల్తాది.

దిగే ముందు చేత్తో తాకి చూడాల్సినవి, కంటితో కాదు:

- అడుగున నీళ్లు తీసే బిరడా బిగించి ఉందా
- మెయిన్‌షీట్ కొసకి ఎనిమిది ముడి ఉందా
- చుక్కాని కొక్కెం పడిందా, బోల్తా పడితే ఊడిపోదా
- డాగర్‌బోర్డు, అంటే నడిమధ్య కిందకి దించే పలక, దానికి తాడు కట్టి ఉందా
- మెయిన్‌షీట్ కాళ్లకి చుట్టుకోకుండా వదులుగా ఉందా

నేను ఒకసారి బిరడా చూసుకోకుండా పోయినా. అరగంటకి బోటు బరువెక్కి మలుపు తిరగలేదు, ఏం తప్పు చేస్తున్నానో అర్థం కాక అలసిపోయినాను. అప్పట్నుంచి తాకకుండా దిగను.

10. మొదటిరోజు పని: బోల్తా

నేర్పే ఆయన చివర్లో చేయిద్దాం అన్నా మొదట్లోనే చేయించమని అడగండి. పెద్దోళ్లకి ఆ భయం కడుపులో ఉన్నంతసేపూ చేతులు బిగుసుకొనే ఉంటాయి, ఒకసారి పడి లేస్తే సగం బిగువు అక్కడే పోతాది.

వరస ఇది:

ఒకటి, పడగానే బోటుని పట్టుకోండి. ఒడ్డు ఎంత దగ్గరగా కనిపించినా బోటు వదిలి ఈదొద్దు. బోటు తేలుతాది, రెస్క్యూ వాళ్లకి కనిపించేది కూడా అదే.

రెండు, తాడు మీకు చుట్టుకోలేదని చూసుకొని, మెయిన్‌షీట్ పూర్తిగా వదులు చేయండి. బిగుతుగా ఉంటే లేచిన బోటు వెంటనే మళ్లీ పడతాది.

మూడు, అంచు పట్టుకొని అడుగు వైపుకి ఈదుకుంటా పోండి, డాగర్‌బోర్డు పట్టుకోండి. ఆలస్యం చేస్తే బోటు తాబేలు మాదిరి పూర్తిగా తిరగబడతాది, లోతు తక్కువ చోట మాస్ట్, అంటే తెరచాపని నిలబెట్టే స్తంభం, బురదలో దిగబడుతుంది.

నాలుగు, బోర్డు మీదకి ఎక్కి బోటుకి దగ్గరగా నిలబడండి, కొస మీద నిలబడితే విరగొచ్చు. అంచు పట్టుకొని వీపు నిటారుగా పెట్టి వెనక్కి వాలండి. చేతులతో లాగొద్దు, బరువు వేయండి, ఆగండి. తెరచాపలోంచి నీళ్లు జారడానికి కొన్ని సెకన్లు పడతాది.

ఐదు, లేస్తాంటేనే లోపలికి జారుకోండి, కూర్చోండి, ఊపిరి తీసుకోండి, తర్వాతే తాడు.

కనీసం 5 సార్లు చేయండి. మొదటిసారి ఎక్కలేకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు, చాలామందికి మూడోసారికి వస్తాది.

11. నడపడం: అడ్డగాలి, మలుపు

మొదట గాలికి అడ్డంగా, అంటే గాలి చెంప మీద తగిలేట్టు, అటు నుంచి ఇటు పోయి రావడమే చేయండి. ఇది అన్నిటికంటే సులభమైన దిక్కు.

తెరచాప ఎంత లాగాలో తెలీడానికి ఒకటే పద్ధతి. ముందు అంచు రెపరెపలాడేదాకా తాడు వదలండి, ఆ రెపరెప ఆగేదాకా మాత్రమే లాగండి, ఇంక ఆపండి. ప్రతి నిమిషం ఇట్లా సరిచూసుకోండి. ఏం చేయాలో తెలీని ప్రతిసారీ తాడు వదిలేయండి, బోటు నిటారుగా లేచి నెమ్మదిస్తాది. భయం వేసినప్పుడు చేయి బిగబట్టి లాగుతాది, దానికి ఎదురు చేయడం అలవాటు చేసుకోవాల.

ముక్కుని గాలిలోంచి తిప్పే మలుపుని ట్యాక్ అంటారు:

- వెనక ఎవరూ లేరని చూసి, కొంచెం వేగం తెచ్చుకోండి
- టిల్లర్‌ని మీ నుంచి దూరంగా తోసి పట్టుకోండి
- బూమ్, అంటే తెరచాప కింది అడ్డకొయ్య, నడిమధ్యకి రాగానే తల వంచి ముందుకి చూస్తా అవతలి అంచుకి మారండి
- కూర్చున్నాక టిల్లర్ నడిమధ్యకి తెచ్చి, తర్వాత వీపు వెనక చేతులు మార్చుకోండి

వెనక భాగాన్ని గాలిలోంచి తిప్పేది జైబ్. ఇందులో బూమ్ చాలా వేగంగా కొట్టుకొస్తాది. నా నుదుటి మీద మూడు కుట్లు దీనివల్లే. 8 నాట్స్ కంటే తక్కువ గాలిలో, నేర్పే ఆయన ఉన్నప్పుడే నేర్చుకోండి. గాలి ఎక్కువున్న రోజు జైబ్ చేయాల్సి వస్తే దానికి బదులు ట్యాక్ చేసి చుట్టూ తిరిగి రండి, దూరం ఎక్కువైనా తల బాగుంటాది.

12. ఎక్కువగా జరిగే తప్పులు, సర్దుకునే తీరు

మలుపు మధ్యలో ఆగిపోవడం: గాలికి ఎదురుగా ఇరుక్కొని వెనక్కి పోతా ఉంటారు. బూమ్‌ని చేత్తో బయటికి తోయండి, టిల్లర్ కూడా అదే వైపు తోయండి, బోటు వెనక్కి పోతా పక్కకి తిరుగుతాది, అప్పుడు రెండూ దగ్గరికి లాగండి. మలుపుకి ముందు వేగం లేకపోవడమే దీనికి కారణం.

టిల్లర్ ఊపుతానే ఉండడం: చేయి ఖాళీగా ఉండలేదు. ప్రతి ఊపూ బ్రేక్ వేసినట్టే. దూరంగా ఒక చెట్టునో బిల్డింగునో గురి పెట్టుకొని అటే చూడండి, చేయి దానంతట అదే నిలకడ పడతాది.

తెరచాప వైపే చూస్తా కూర్చోవడం: ఎదుటి బోటు కనపడదు. ముందు, నీళ్లు, తెరచాప, వెనక, ఇట్లా చూపు తిరుగుతా ఉండాల.

గాలి తెర రాగానే టిల్లర్ గట్టిగా లాగడం: బోటు ఇంకా ఒరుగుతాది. మొదట తాడు వదలండి, తర్వాత ఒళ్లు బయటికి వాల్చండి, నిలకడ వచ్చినాక తాడు లాగండి.

13. ఎదురుపడితే ఎవరు పక్కకి పోవాల

ఇద్దరికీ గాలి వేర్వేరు పక్కల నుంచి ఉంటే, ఎడమ పక్క నుంచి గాలి తీసుకునే బోటు పక్కకి తప్పుకోవాల. ఇద్దరికీ ఒకే పక్క నుంచి ఉంటే, గాలి వచ్చే వైపు ఉన్న బోటు తప్పుకోవాల. వెనకనుంచి దాటేవాళ్లు ఎప్పుడూ తప్పుకోవాల. హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి పోయే టూరిస్టు బోట్లకి రూల్ మీ వైపు ఉన్నా సరే దూరంగా ఉండండి, అవి తొందరగా ఆగలేవు.

ఉరుము వినపడితే చర్చ లేదు, వెంటనే ఒడ్డుకి. మాస్ట్ అల్యూమినియం, చెరువు మధ్యలో అదే అన్నిటికంటే ఎత్తు. పిడుగుల హెచ్చరికకి దామిని యాప్, గాలికి విండీ యాప్ రెండూ ఫోన్లో పెట్టుకోండి, పొద్దున బస్సెక్కే ముందే చూడండి.

14. ఎన్నాళ్లు, ఎంత తరచుగా

వరసగా 4 రోజులు పోగలిగితే అది అన్నిటికంటే మంచిది. నెలకి ఒక ఆదివారం పోతే ప్రతిసారీ మొదటికొస్తాది. లీవు దొరకనోళ్లు రెండు శనాదివారాలు వెంటవెంటనే పోండి, తర్వాత నెలకి రెండు రోజులు తగ్గకుండా చూసుకోండి, మధ్యలో కుర్చీ, పేలిక, ముడులు ఆపొద్దు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులోనే నోటుబుక్కు తీసి మూడు లైన్లు రాయండి: ఈరోజు గాలి ఎటునుంచి ఎంత, ఏది వచ్చింది, ఏది రాలేదు. ఇంటికి రాగానే తాళ్లు, గ్లౌజులు, బూట్లు మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి, ఎండలో వేస్తే రబ్బరు పగిలిపోతాది.